మూడు పాల మబ్బురొట్టె

కంకణపురం రాజ్యంలో ఒకప్పుడు ఏడాది పొడవునా ఏ ఇంట్లోనూ పాలు పొంగలేదు. ఆవు పొదుగు నుంచి జారేటప్పుడు తెల్లగా, చిక్కగా ఉన్న పాలు, చెంబులో పడగానే నీళ్ళు వేరు, ముక్కలు వేరు అయిపోయేవి. పాలు పొంగించకుండా కొత్త ఇంట్లో అడుగుపెట్టేదెవరు? కట్టిన ఇళ్ళు తాళాలతోనే ఉండిపోయాయి. కుదిరిన పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. అన్నిటికన్నా ఘోరం, తల్లిలేని పసిబిడ్డలు గంజినీళ్ళ మీద బతకవలసి వచ్చింది.

తప్పు ఎవరిదో అందరికీ తెలుసు. పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు. మహారాణి రుద్రాణీదేవి తన యాభయ్యో పుట్టినరోజున కోటలో గొప్ప విందు చేసింది. ఆ విందుకు చిరుగుల చీర కట్టుకున్న ఒక ముసలమ్మ వచ్చి, "ఒక తీపి ముక్క పెట్టించు తల్లీ" అని అడిగింది. రాణి ఆమె వైపు సరిగా చూడనైనా చూడలేదు. "గిన్నెల అడుగున అంటుకున్నది గీకి ఇవ్వండి" అని పక్కకు తిరిగింది.

ముసలమ్మ నిలబడ్డ చోట మరుక్షణం పాలరాయిలా మెరిసే యక్షిణి నిలబడింది. ఆమె పేరు ధవళ.

"రాణీ, అతిథిని చిన్నచూపు చూసిన రాజ్యంలో పాలు నిలవవు" అంది ధవళ. "నీ ప్రజల్లో ఎవరైనా సరే, తన సొంత ఇంట్లో, తన రెండు చేతులతో, మూడు పాలు తాగిన రొట్టె చేసి, దానికి పెళ్ళికూతురికి చేసినట్టు సింగారం చేసి నాకు పెట్టాలి. చుక్క కారకూడదు, పువ్వు జారకూడదు. ఆ రోజున శాపం తీరుతుంది."

ఆ మూడు పాలు ఎక్కడ దొరుకుతాయో కూడా ఆమే చెప్పింది. ఉత్తరాన కీకారణ్యంలో ఒక ఋషి దగ్గర ఆవు పాలు. దాని అవతల తుమ్మల అడవిలో ఒక రాక్షసుడి గుండిగలో మరిగే పాలు. ఇంకా పైన, మంచుగట్టు మీద చమరీమృగం ఇచ్చే మీగడపాలు. ఈ మూడింటికీ శాపం తగలదు. కానీ మూడూ ఒక చేతిలో చేరాక మూడు రోజులే నిలుస్తాయి.

రాణి వెంటనే సైన్యాన్ని పంపింది. సైనికులు కత్తులు దూసి ఋషి ఆవును పట్టుకోబోతే అది పొగలా మాయమైంది. రాక్షసుడు వాళ్ళ డాళ్ళు లాక్కుని గుండిగ మీద మూతలుగా వాడుకున్నాడు. మంచుగట్టు దాకా చేరినవాడే లేడు. ఆ తరువాత మరెవరూ ఆ దారి తొక్కలేదు.

కోటకు దూరంగా, ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు గోడకు ఒరిగి నిలబడవలసినంత ఇరుకు సందులో సోమన్న, కాటమ్మ అనే దంపతులు ఉండేవారు. కాటమ్మ పెళ్ళికూతుళ్ళకు పూలజడలు కుట్టేది. సోమన్న పెరట్లో మట్టిపొయ్యి పెట్టుకుని మబ్బురొట్టెలు కాల్చేవాడు. గుడ్లను నురుగొచ్చేలా గిలకొట్టి, చక్కెర, జల్లించిన పిండి కలిపి కాలిస్తే పొంగి దూదిలా తేలిపోయే రొట్టె అది. మీరిప్పుడు కేకు అంటారే, దానికి ముత్తవ్వ అనుకోండి.

వాళ్ళకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దది పురిట్లో చనిపోతూ ఎనిమిది నెలల కిందట ఒక ఆడపిల్లను వీళ్ళ చేతుల్లో పెట్టింది. రెండోదాని పేరు మరువం. వయసు పదిహేను. తల్లి దగ్గర సూది పట్టడం, తండ్రి దగ్గర పిండి కలపడం రెండూ నేర్చుకుంది. అక్క బిడ్డను పగలంతా చంకలో వేసుకుని తిప్పేది ఆమే.

ఒకనాటి ఉదయం బిడ్డ గంజి తాగలేదు. ఏడవను కూడా లేదు. చెంచా పెదవులకు తగిలించినా నోరు తెరవకుండా కళ్ళు మూసుకుని పడుకుంది. మరువం ఆ చిన్న చేతిని పట్టుకుని చూసింది. తల్లి జడ కుట్టే దారంకన్నా కాస్త లావుగా ఉన్నాయి ఆ వేళ్ళు.

"అమ్మా, నేను మంచుగట్టుకు పోతాను" అంది మరువం.

కాటమ్మ చేతిలో చెంచా ఆగిపోయింది. "సైన్యమే తిరిగొచ్చింది కదే."

"వాళ్ళు పాలు లాక్కోడానికి పోయారు. నేను అడగడానికి పోతాను. పాలు తెస్తే రొట్టె చెయ్యడం నాకొచ్చు. సింగారించడం వచ్చు. ఈ రెండూ వచ్చినవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరున్నారు చెప్పు?"

సోమన్న గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. తరువాత లోపలికి వెళ్ళి, మూడు ఇత్తడి చెంబులు తెచ్చి, ఉట్టి తాళ్ళతో కట్టి కూతురి భుజానికి తగిలించాడు. "అడిగేవాళ్ళకు తొందర పనికిరాదమ్మా" అన్నాడు. అంతే.

నాలుగు రోజులు నడిస్తే కీకారణ్యం వచ్చింది. అక్కడ ఒక పర్ణశాల ముందు గడ్డం నేలను తాకుతున్న ఋషి కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నాడు. పక్కనే నల్లటి ఆవు. దాని ఒళ్ళంతా పల్లేరుకాయలు గుచ్చుకుని ఉన్నాయి. తోకలో, గంగడోలులో, చెవుల వెనక, ఎక్కడ చూసినా ముళ్ళే.

మరువం ఋషికి నమస్కరించింది. ఆయన కళ్ళు తెరవలేదు. ఆవు మాత్రం ఆమె వైపు చూసి ఒళ్ళు విదిల్చింది. మరువం చెంబులు కింద పెట్టి, ఆవు మెడ దగ్గర కూర్చుని ఒక్కొక్క ముల్లే తీయడం మొదలుపెట్టింది. వెంట్రుక తెగకుండా, చర్మం గీరుకోకుండా, పూలలోంచి పురుగు తీసినంత నెమ్మదిగా తీసింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. వాలింది. చివరి ముల్లు తీసేసరికి ఆమె వేళ్ళ కొసలు ఎర్రగా పొక్కిపోయాయి.

అప్పుడు ఋషి కళ్ళు తెరిచాడు. "పాల కోసం వచ్చావు. పొద్దుటి నుంచి పాల మాట ఎత్తలేదేం?"

"ముళ్ళతో ఉన్నప్పుడు దాన్ని పాలు అడిగితే ఏం బాగుంటుంది స్వామీ" అంది మరువం. "ఇప్పుడు అడుగుతున్నాను. మా ఇంట్లో ఒక బిడ్డ ఉంది. ఒక చెంబు చాలు."

"నన్నెందుకు అడుగుతావు? ఇచ్చేది నేను కాదుగా" అని ఋషి నవ్వాడు.

మరువం ఆవు వైపు తిరిగి అదే మాట మళ్ళీ చెప్పింది. ఆవు నాలుగు అడుగులు వేసి చెంబు మీదికి వచ్చి నిలబడింది. పితకకుండానే ధార పడింది. చెంబు నిండింది. పాలు పాలలాగే నిలిచాయి. ఏడాది తరువాత విరగని పాలను చూసి ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మూడు రోజుల తరువాత తుమ్మల అడవిలో పొగ కనిపించింది. పొగ కింద ఇల్లంత గుండిగ. గుండిగ పక్కన కొండంత రాక్షసుడు. తాటిమానంత తెడ్డుతో పాలు కలుపుతున్నాడు. వాడి కళ్ళు నిప్పుకణాల్లా ఉన్నాయి. అయితే ఆ ఎరుపు కోపంతో వచ్చింది కాదు. వాడు నిద్ర చూసి ఎన్నాళ్ళయిందో.

"ఏయ్ పిల్లా, నడిచొచ్చిన తిండిలా ఉన్నావే" అన్నాడు వాడు కలుపుతూనే. వాడి పేరు గుండిగడు.

"తినే ముందు ఒక మాట చెప్పు మామా. తెడ్డు ఎందుకు వదలవు?"

"వదిలితే అడుగంటుతుంది. నాకు చిక్కటి పాలంటే ప్రాణం. తాగుదామంటే ఇంకాస్త చిక్కబడాలనిపిస్తుంది. చిక్కబడ్డాక ఇంకాస్త. నిద్రపోతే మాడిపోతుంది. నూరేళ్ళుగా ఇదే గొడవ." వాడు పెద్దగా ఆవలించాడు. ఆ గాలికి రెండు తుమ్మచెట్లు ఒరిగాయి.

"సాయంత్రం దాకా నేను కలుపుతాను. నువ్వు పడుకో. అడుగంటకపోతే నాకొక చెంబు పాలివ్వు."

"అంటితే?"

"నన్ను తిను."

బేరం వాడికి నచ్చింది. తాటిమాను తెడ్డు ఆమె చేతికి అందేది కాదు గనుక ఒక కొమ్మ విరిచి ఇచ్చి, గుండిగ అంచున బల్ల వేసి నిలబెట్టాడు. నేల మీద వాలీ వాలకముందే గురక మొదలైంది.

గుండిగలో పాలు ఒకచోట నిలవవు. మధ్యలో కలిపితే అంచులు గట్టిపడతాయి, అంచులు గీకితే మధ్యలో అంటుకుంటాయి. మరువం మొదట కంగారుపడింది. తరువాత తండ్రి పొయ్యి దగ్గర నేర్చుకున్నట్టు చెవితో కలపడం మొదలుపెట్టింది. పాలు బాగున్నంతసేపు కొమ్మ కింద మెత్తగా సరసరమంటాయి. అంటుకోబోయే చోట గరగరమంటాయి. గరగర వినిపించిన వైపుకల్లా కొమ్మ తిప్పింది. మధ్యాహ్నానికి భుజం మొద్దుబారింది. చెయ్యి మార్చింది. సాయంత్రానికి రెండో భుజమూ మొద్దుబారింది. ఒళ్ళంతా కొమ్మతోపాటు ఊగుతూ కలిపింది.

పొద్దు వాలాక గుండిగడు లేచి, గుండిగలోకి వేలు పెట్టి అడుగంతా రాసి చూసుకున్నాడు. ఎక్కడా నల్లటి మరక లేదు. పాలు తేనెరంగులో, తేనెలాగే చిక్కగా ఉన్నాయి.

"అంటలేదు" అన్నాడు నమ్మలేనట్టు. "నేను నిద్రపోయాను, అయినా అంటలేదు."

"దించెయ్యి మామా. ఇంతకన్నా చిక్కబడితే అవి పాలు కావు. ఇక తాగు."

గుండిగడు గుండిగను పొయ్యి మీది నుంచి దించాడు. ఆమె చెంబు నింపాక, మిగిలింది ఎత్తి గటగటా తాగాడు. తాగి పక్కన కూర్చుని, చాలా ఏళ్ళ తరువాత ఇంటికి చేరినవాడిలా ఊపిరి వదిలాడు. మరుసటి ఉదయం ఆమెను భుజం మీద ఎక్కించుకుని మంచుగట్టు మొదట్లో దించి వెళ్ళాడు.

గట్టు మీద నేలంతా తెల్లగా ఉంది. గడ్డకట్టిన మడుగు ఒడ్డున చమరీమృగం నిలబడి తన నీడను తానే చూసుకుంటోంది. మెడ నుంచి గిట్టల దాకా పట్టులాంటి తెల్లటి జూలు. కుంచెలాంటి తోక. దాన్ని మించిన అందం ఆ కొండల్లో లేదు. ఆ సంగతి దానికి బాగా తెలుసు.

"పాలు కావాలా? ఇస్తాను" అంది చమరి, అడగకముందే. "కానీ నేనిప్పుడు ఉన్నదానికన్నా అందంగా నన్ను సింగారించు. చెయ్యలేకపోతే వచ్చిన దారినే పో."

మరువం ఉత్సాహంగా కొండంతా తిరిగింది. మంచులో పూసే నీలం పూలు, పసుపు పూలు, ఎర్రటి పళ్ళ గుత్తులు ఒడినిండా కోసుకొచ్చింది. కొమ్ములకు దండలు చుట్టింది. జూలంతా జడలల్లి ప్రతి పాయలోనూ పూలు తురిమింది. చమరి మడుగులోకి తొంగి చూసింది. ఒక్కసారి ఒళ్ళు దులిపింది. పూలన్నీ మంచులో పడ్డాయి.

"ఇందులో నేనెక్కడున్నాను? పూలకుప్ప ఉంది" అంది.

మరువానికి ముఖం కందింది. ఊళ్ళో ఆమె కుట్టిన జడను ఎవరూ వద్దనలేదు. చాలాసేపు మంచులో కూర్చుంది. కూర్చుని పూల వైపు కాక చమరి వైపు చూసింది. దాని నుదుటి మీద వెంట్రుకలు సుడి తిరిగి, అక్కడి నుంచి నీళ్ళు పారినట్టు రెండు వైపులా జారుతున్నాయి. అంత చక్కటి సుడి ఆమె పొద్దుటి నుంచి చూడనే లేదు.

లేచి జూలంతా వేళ్ళతో నున్నగా దువ్వింది. సుడి పక్కన మూడే మూడు నీలం పూలు పెట్టింది. వెనక్కి తగ్గింది.

చమరి మడుగులోకి చూసింది. తల అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. "ఈ సుడి నాకు ఎప్పటి నుంచి ఉంది?" అని అడిగింది.

"పుట్టినప్పటి నుంచీ అనుకుంటా."

చమరి మూడో చెంబు నింపింది. గట్టు చలికి ఆ పాలు కళ్ళ ముందే చిక్కటి మీగడగా మారాయి. మూడు పాలూ ఆమె చేతికి చేరాయి గనుక ఇక మూడు రోజులే గడువు. చమరి ఒక మంచుదిమ్మను గడ్డిలో చుట్టించి, ఆమెను వీపు మీద ఎక్కించుకుని కొండలూ అడవులూ దాటుతూ పరుగు తీసింది. రెండో రోజు ఉదయానికి మరువం తన సందు మొదట్లో దిగింది.

కాటమ్మ చుక్కచుక్కగా పోసిన గంజితో బిడ్డ బతికే ఉంది. కాటమ్మ కూతురిని చూసి ఏడవలేదు, కౌగిలించుకోలేదు. "ముందు చేతులు కడుక్కో" అని నీళ్ళు పోసింది.

మరువం ఆవు పాలలోంచి ఒక గుక్కెడు బిడ్డకు పట్టించింది. ఆ తరువాత కొంగు బిగించింది. ఒక మనిషి చేతులతోనే చెయ్యాలన్నది షరతు కదా. సోమన్న చేతులు రెండూ వెనక్కి కట్టుకుని పొయ్యి పక్కన నిలబడ్డాడు. నిప్పు ఎక్కువైందనిపించినప్పుడల్లా ఆ చేతులు ముందుకు రాబోయేవి.

"నాన్నా, చెయ్యి పెట్టకు."

"పెట్టడం లేదమ్మా. గోక్కుంటున్నాను."

రొట్టె పొంగి బంగారురంగు తేలింది. చల్లారాక దాన్ని వెడల్పాటి పళ్ళెంలో బోర్లించి, తల్లి జడలు కుట్టే పొడుగు సూదితో పైనంతా దగ్గరదగ్గరగా పొడిచింది. మూడు పాలనూ తగుపాళ్ళలో కలిపింది. సింగారానికని మీగడ సగం పక్కన పెట్టుకుంది. గడువు గుర్తొచ్చి తొందరగా పోసింది. రొట్టె తాగలేకపోయింది. పాలు అంచుల మీదుగా జారి పళ్ళెంలో మడుగు కట్టాయి. కొండలూ అడవులూ దాటి తెచ్చిన పాలవి. మళ్ళీ పోయడానికి ఇంకొక చుక్క లేదు.

కాటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మరువం చెంబు కింద పెట్టి తండ్రి వైపు చూసింది.

"తాగనీ. దాని దాహం దానికి తెలుసు. నువ్వు తొందరపెడితే తాగదు" అన్నాడు సోమన్న.

ఆమె మూత పెట్టి, పళ్ళేన్ని తడి ఇసుక మీద నీడలో ఉంచి, బిడ్డను ఎత్తుకుని వాకిట్లో కూర్చుంది. గంటకొకసారి వచ్చి పళ్ళెంలో జారిన పాలను చెంచాతో ఎత్తి మళ్ళీ రొట్టె మీద వదిలింది. ప్రతిసారీ మడుగు కాస్త తగ్గింది. పొద్దు వాలేసరికి పళ్ళెం పొడిగా ఉంది. రొట్టె బరువెక్కి, నిండుగా, కదిలిస్తే చిన్నగా వణుకుతూ నిలబడి ఉంది.

మూడో రోజు తెల్లవారుజామున, ఎండ రాకముందే సింగారం మొదలైంది. మంచుదిమ్మ మీద గిన్నె పెట్టి మీగడలో మెత్తటి చక్కెర వేసి కవ్వంతో చిలికింది. తక్కువ చిలికితే జారుతుంది. ఒక్క చుట్టు ఎక్కువైతే వెన్న అయి కూర్చుంటుంది. కవ్వం ఎత్తి చూసింది, మళ్ళీ తిప్పింది, మళ్ళీ ఎత్తింది. కవ్వానికి అంటిన మీగడ కొస వంగి, పడకుండా కొక్కెంలా నిలిచినప్పుడు ఆపింది.

అరిటాకును గొట్టంలా చుట్టి మీగడ నింపి, రొట్టె అంచున మొదటి మల్లెమొగ్గ ఒత్తింది. చక్కగా వచ్చింది. రెండోది ఒత్తేలోగా మొదటిది మెల్లగా జారి పళ్ళెంలో పడింది. రొట్టె పక్కలు తడిగా ఉన్నాయి. తడి గోడకు ఏ రంగు నిలుస్తుంది?

సందులో గోడలకు సున్నం వేసేవాళ్ళు గుర్తొచ్చారు ఆమెకు. శుభ్రమైన గుడ్డతో రొట్టె పక్కలు అద్దింది. వెదురుబద్దతో ముందు ఒక పలచటి పూత పూసింది. రొట్టె పొడి లేచి పూతలో కలిసి గరుకుగా, వికారంగా కనిపించింది.

"ఇదేంటే, ఇట్లా అయింది" అంది కాటమ్మ.

"ఇది లోపలి రవికె అమ్మా. పైకి కనబడదు."

మంచుదిమ్మ చుట్టూ చలికి పూత గట్టిపడేదాకా ఆగింది. తరువాత చిక్కగా రెండో పూత పూసి, బద్దను ఒకే ఊపులో చుట్టూ తిప్పింది. రొట్టె పాలరాయిలా నున్నబడింది.

ఇక ఆమె చేతులు తమ పని తాము ఎరిగినవే. అంచు చుట్టూ మూడు పాయల జడ అల్లింది, మీగడతో. ఒక పాయ మీద మరో పాయ, దాని కింద నుంచి మూడోది. జడ మలుపు మలుపుకూ ఒక మల్లెమొగ్గ. ప్రతి మొగ్గ మొదట్లో సన్నగా తరిగిన పిస్తా పలుకు, ఆకులాగా. నాలుగు రోజారేకులు. మొగ్గల మీద అక్కడొకటి ఇక్కడొకటి కుంకుమపువ్వు. నడిమధ్య మాత్రం ఏమీ పెట్టకుండా తెల్లగా వదిలేసింది. ఇంకా రోజారేకులు మిగిలే ఉన్నాయి. చెయ్యి అటువైపు పోయింది కూడా. ఆగి, గిన్నెను పక్కకు జరిపింది.

కబురు ఊరంతా పాకి, పని ముగిసేసరికి సందంతా జనం. మహారాణి కూడా వచ్చింది. పల్లకి పట్టక సందు మొదట్లోనే దిగి నడిచి వచ్చింది. గుమ్మంలోంచి రొట్టెను కళ్ళారా చూసింది. తరువాత అంది, "అమ్మాయీ, దీన్ని కోటకు తీసుకుపోదాం. ఇంత గొప్ప అతిథిని ఈ ఇరుకింట్లో కూర్చోబెడతామా? సింహాసనం పక్కన పెట్టి వడ్డిద్దాం."

మరువం రాణికి నమస్కరించింది. "లేదు మహారాణీ. దీన్ని చేసింది ఇక్కడ. పెట్టేది కూడా ఇక్కడే. మా ఇల్లు ఇరుకే గానీ తక్కువది కాదు."

రాణి ఆ పిల్ల ముఖంలోకి, పొక్కిన వేళ్ళ వైపు చూసింది. మెల్లగా పాదరక్షలు విడిచి, లోపలికి వచ్చి గోడవారగా నేల మీద కూర్చుంది.

మరువం ధవళను పేరు పెట్టి పిలిచింది. చిరుగుల చీరలో ముసలమ్మ సందులోంచి నడిచి వచ్చింది. కాటమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చి పీట వేసింది. ముసలమ్మ కూర్చుని, రొట్టె చుట్టూ కళ్ళు తిప్పి చూసింది. పళ్ళెం ఒక అంచు పట్టుకుని పైకెత్తింది. రొట్టె ఒరిగింది. మొగ్గలు కదలలేదు. ఇంకాస్త ఎత్తింది. జడ చెదరలేదు. చుక్క కారలేదు. పళ్ళెం దించింది.

"మధ్యలో ఖాళీ ఎందుకు వదిలావు?"

"అది ఖాళీ కాదవ్వా. లోపల మూడు పాలున్నాయి. ఆ తెలుపు కనబడాలని."

"ఇందులో తప్పేమైనా ఉందా?"

అందరూ లేదనే చెబుతుందనుకున్నారు. మరువం పళ్ళేన్ని తిప్పి, గోడ వైపున్న ఒక మలుపు చూపించింది. అక్కడ ఒక పాయ కాస్త వంకరపోయింది. "ఇక్కడ నా చెయ్యి అలిసింది. దిద్దబోతే పక్క పాయ చెడుతుందని వదిలేశాను. మిగతాదంతా నేను అనుకున్నట్టే వచ్చింది. ఇంత బాగా నేనింతవరకు ఏదీ చెయ్యలేదు."

ముసలమ్మ కళ్ళు మెరిశాయి. "కొయ్యి" అంది.

కత్తి దిగింది. ముక్క లేచింది. లోపల పాలతో నిండి తడితడిగా మెరుస్తూ, అయినా పొరలు పొరలుగా నిలబడి ఉంది. ముసలమ్మ తిన్నది. ఇంకో ముక్క అడిగి తిన్నది. మూడో ముక్క తానే కోసుకుంది. చివరి ముద్ద మింగి లేచేసరికి చిరుగుల చీర పోయి, గదినిండా వెన్నెలలాంటి కాంతితో ధవళ నిలబడింది.

"పాలు నిలుస్తాయి" అంది. రాణి లేచి చేతులు జోడించి, "తప్పు నాది తల్లీ" అంది. ధవళ తల ఊపి, మరువం నుదుట చెయ్యి ఉంచి, కాంతిలో కలిసిపోయింది.

పక్కింట్లోంచి ఎవరో కేక వేశారు. పొయ్యి మీది పాలు పొంగి కారుతున్నాయట. ఆ వెనకే ఎదురింట్లో, ఆపై సందు చివర, ఊరంతా పాలు పొంగాయి. దించేవాళ్ళు లేరు. అందరూ నిలబడి చూస్తున్నారు. కాటమ్మ గోరువెచ్చని పాలు బిడ్డకు పట్టింది. బిడ్డ గుటకలు వేసి, గిన్నె ఖాళీ అయ్యాక ఇంకా కావాలని గట్టిగా ఏడ్చింది. ఎనిమిది నెలల్లో అంత గట్టిగా ఏడవడం అదే మొదటిసారి. సోమన్న వెనక్కి కట్టుకున్న చేతులు అప్పుడు విప్పి, ముఖం తుడుచుకున్నాడు.

పిల్లలు లేని రుద్రాణీదేవి ఆ నెలలోనే మరువాన్ని దత్తత కోరింది. మరువం ఒప్పుకుంది, రెండు మాటల మీద. అమ్మానాన్నలు, అక్క బిడ్డ తనతోనే ఉండాలి. కోట వంటవాళ్ళందరూ ఏడాదికి నెల రోజులు తమ సందుకు వచ్చి నాన్న పొయ్యి దగ్గర మబ్బురొట్టె నేర్చుకోవాలి. మీసాలు మెలితిప్పే పెద్దపెద్ద వంటవాళ్ళు ఆ ఇరుకు పెరట్లో వరసగా గొంతుకూర్చుని గుడ్లు గిలకొట్టడం ఊరికి పెద్ద వేడుక అయింది.

యువరాణిగా పట్టాభిషేకం రోజున ఏనుగును పంపారు. అది సందులోకి పట్టదు. అందుకని మరువం నడిచే బయలుదేరింది. ఆమె ముందు కాటమ్మ నడిచింది, బిడ్డను భుజాన వేసుకుని. గోడలకు ఒరిగి నిలబడ్డ ఇరుగుపొరుగు ఒక్కొక్కరి దగ్గరా ఆగి, వాళ్ళకు తెలియనట్టు వెనక్కి చెయ్యి చూపించి చెప్పింది.

"మా అమ్మాయి."

"తెలుసు కాటమ్మక్కా. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాం కదా."

"అయినా చెబుతున్నా. మా అమ్మాయి" అని ఆమె ముందుకు కదిలింది. సందు చివరిదాకా ఒక్క గుమ్మాన్నీ వదలలేదు.